టైటిల్ బార్‌కు ఎక్కిన తెలుగు

1990ల చివర్లో హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాల డీటీపీ కేంద్రాల్లో తెలుగు పుస్తకాలను పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చేవారు. పేజీలో అక్షరాలు ముచ్చటగా ఉండేవి. ఆ పాఠాన్నే ఫైలు పేరుగా పెడితే మాత్రం ఇంగ్లీషు అక్షరాల గజిబిజి మిగిలేది. ఇంగ్లీషు సంకేతాల మీద తెలుగు ఆకారాలను కూర్చిన పద్ధతి అది. ఫాంటు తోడున్నంత వరకే తెలుగు. కంప్యూటర్లో భాష ఎంత కుదురుకుందో తేల్చడానికి విండో నెత్తిన ఉండే టైటిల్ బారే అసలు గీటురాయి. యునిక్స్ డెస్క్‌టాప్‌ల చరిత్ర ఈ సంగతిని రుజువు చేస్తుంది.

1984లో ఎంఐటీలో బాబ్ షైఫ్లర్, జిమ్ గెటిస్ ఆ డెస్క్‌టాప్‌లకు పునాది అయిన ఎక్స్ విండో వ్యవస్థను మొదలుపెట్టారు. 1987 సెప్టెంబరులో దాని 11వ వెర్షన్ వెలువడింది. తెర మీద గీతలు, అక్షరాలు గీసే పని ఎక్స్ సర్వరుది. విండో ఎక్కడ ఉండాలి, దాని అంచు ఎలా ఉండాలి అన్నవి విండో మేనేజర్ అనే వేరే ప్రోగ్రాముకు వదిలేశారు. సాధనాలు సమకూర్చాలే తప్ప విధానాన్ని శాసించకూడదన్నది వారి సూత్రం. అందువల్ల ఎవరికి నచ్చిన మేనేజర్‌ను వారు రాసుకున్నారు. 1987లో టామ్ లస్ట్రేంజ్ టీడబ్ల్యూఎమ్ రాశాడు. ఆ కోడు నుంచే 1993లో రాబర్ట్ నేషన్ ఎఫ్‌వీడబ్ల్యూఎమ్ పుట్టించాడు.

ఈ స్వేచ్ఛ తెలుగుకు చిక్కు తెచ్చింది. విండో పేరు చెప్పేది ఒక ప్రోగ్రాము, దాన్ని తన ఫాంటుతో గీసేది మరొకటి. కాబట్టి రెండింటికీ ఉమ్మడి లిపి సంకేతం కావాలి. 1980ల చివర రూపొందిన ఒప్పందంలో పేరుకు పశ్చిమ ఐరోపా లిపి గానీ, కాంపౌండ్ టెక్స్ట్ అనే పద్ధతి గానీ వాడమన్నారు. తెలుగుకు చోటు లేదు. పైగా నాటి ఎక్స్ ఒక సంకేతానికి ఒక ఆకారం చొప్పున వరసగా పేర్చేది. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరానికి యూనికోడ్‌లో 6 సంకేతాలు. వాటిని ఒకే ఆకారంగా మలిచే యంత్రాంగం లేనిదే వత్తులు కుదరవు.

సంకేతాల సమస్య ముందు తీరింది. 1991లో యూనికోడ్ తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. 1996లో మతియాస్ ఎట్రిచ్ కేడీఈ డెస్క్‌టాప్‌ను, 1997లో మిగుయెల్ డి ఇకాజా, ఫెడెరికో మెనా గ్నోమ్ డెస్క్‌టాప్‌ను ప్రకటించారు. ఈ రెండు వర్గాలూ కలిసి చేసుకున్న కొత్త ఒప్పందంలో విండో పేరు యూనికోడ్ రూపమైన యూటీఎఫ్-8లో ఉండాలన్నారు. ఇక సంకేతాలను ఆకారాలుగా మలిచే పనిని గ్నోమ్ పక్షాన పాంగో అనే లైబ్రరీ తలకెత్తుకుంది. 2003లో గ్నోమ్ 2.2కు ప్రధాన విండో మేనేజర్ అయిన మెటాసిటీ టైటిళ్లను పాంగోతోనే గీసింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన2000, వేమన2000 ఫాంట్లు, రెడ్‌హ్యాట్ లోహిత్ తెలుగు ఈ అమరికకు అక్షరాలిచ్చాయి.

మెనూల్లోని మాటలను తెలుగు చేసే పని స్వచ్ఛంద కార్యకర్తలది. హైదరాబాదులో 2005 నుంచి స్వేచ్ఛ సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ కోసం కృషి చేసింది. 2007లో చెన్నై సీడాక్ విడుదల చేసిన బాస్ లినక్స్ గ్నోమ్ ద్వారా తెలుగుతో సహా పలు భారతీయ భాషలకు ప్రభుత్వ పక్షాన వేదికైంది.

2008లో ఎక్స్‌కు ప్రత్యామ్నాయంగా క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ మొదలుపెట్టిన వేల్యాండ్‌లో విండో మేనేజర్ వేరే ప్రోగ్రాముగా లేదు; తెర చిత్రాన్ని కూర్చే కాంపోజిటర్‌లో కలిసిపోయింది. గ్నోమ్‌లో చాలా అప్లికేషన్లు టైటిల్ బార్‌ను తామే గీసుకుంటున్నాయి. మేనేజర్లు మారినా తెలుగు చెదరలేదు. అందమైన ఫాంటు ఒక్కటే ఇవ్వలేని ఈ భద్రత, అందరూ ఒప్పుకున్న సంకేతం వల్లా, అందరూ వాడుకోగల కోడు వల్లా దక్కింది.