అగర్ పళ్లెంలో తంగేడాకు

పొద్దు ఇంకా ఎక్కలేదు. టేకుమట్ల ఇళ్లు దాటి చెలకల బాట పట్టాం. సద్దుల బతుకమ్మ దగ్గర పడింది కాబట్టి తంగేడు పొదల దగ్గరికి మనకంటే ముందే ఆడవాళ్లు వచ్చేశారు. మనం కొమ్మ వంచామో లేదో ఒక పెద్దామె కేక వేస్తుంది.

"పూలు తెంపకుండ్రి బిడ్డా, పండుగకు కావాలె!"

"పూలొద్దవ్వా, ఆకులే."

"ఆకులేం జేసుకుంటరు?"

"మందులకు లొంగని పుండ్లున్నయి గదా, వాటి పురుగు దీనికి చస్తదేమో చూద్దామని."

"గది నన్నడిగితే నేనే చెప్తుంటి" అని నవ్వి, మంచి ఆకున్న పొద చూపిస్తుంది. ఆమె మాటను కొట్టిపారేయలేం, సాక్ష్యంగానూ రాసుకోలేం. బతిమాలి ఒక్క పూల రెమ్మ మాత్రం తీసుకుంటాం. దాన్ని కాగితాల మధ్య నొక్కి దాచాలి. ఏ మొక్కను పరీక్షించారని రేపు ఎవరైనా అడిగితే చూపించాల్సింది ఆ రెమ్మనే.

ఇక హనుమకొండలో ఒక ప్రయోగశాల. నీడన ఆరిన ఆకు పొడి అయి సాక్స్‌లెట్ గొట్టంలో కూర్చుంది. కింద మెథనాల్ మరుగుతోంది. ఆవిరి పైకెక్కి, చల్లబడి, పొడి మీద చుక్కలుగా పడుతుంది. గొట్టం నిండగానే గుటక వేసినట్టు ద్రవమంతా ఒక్కసారిగా కిందికి జారిపోతుంది. గంటల తరబడి ఇదే తంతు. మెథనాల్ ఎగిరిపోయాక మిగిలేది జిగట జిగటగా నల్లపచ్చని ముద్ద.

పళ్లెంలోని అగర్ మీద స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియాను దూదిపుల్లతో పూసి, చిన్న గుంతలు తొలిచి, ఒకదాంట్లో ఆకు సారం, ఇంకోదాంట్లో దాన్ని కరిగించిన ద్రావకం ఒక్కటే పోస్తాం. పక్కన సెఫాక్సిటిన్ అనే యాంటీబయాటిక్ బిళ్ల. రాత్రంతా 35 డిగ్రీల్లో ఉంచుతాం.

పొద్దున మూత తీస్తే పళ్లెమంతా బాక్టీరియా పొర. సెఫాక్సిటిన్ చుట్టూ ఖాళీ వలయం 22 మిల్లీమీటర్లకు చేరలేదు. అంటే ఇది మెథిసిలిన్ జాతి మందులకు లొంగని రకం. ఒట్టి ద్రావకం చుట్టూ ఏమీ లేదు. తంగేడు చుట్టూ మాత్రం తేటగా ఒక వలయం!

పేపర్లో హెడ్డింగ్ పుట్టేది సరిగ్గా ఇక్కడే. కాస్త ఆగి, గుంతలో ఎంత పోశామో చూద్దాం. బిళ్లలో ఉన్న మందు 30 మైక్రోగ్రాములు. మన సారాన్ని కొలిచింది మిల్లీగ్రాముల్లో, అంటే వేల మైక్రోగ్రాములు. అంత మోతాదు ఒంట్లోకి ఎక్కించడం కుదిరే పనేనా?

ఇంకో చిక్కు ఉంది. లందల్లో తోళ్లు ఊనడానికి తంగేడు చెక్క వాడేవారు. ఆ చెక్కలోని టానిన్లు ప్రొటీన్లను పట్టి బిగిస్తాయి కాబట్టే తోలు కుళ్లదు. టానిన్లకు తోలూ ఒకటే, బాక్టీరియా ప్రొటీనూ ఒకటే, మన పేగు ప్రొటీనూ ఒకటే. ఆకులోనూ అవి ఉండి, వలయం గీసింది అవే అయితే మనకు దొరికింది మందు కాదు. అందుకే ముందు టానిన్లను తీసేసి, మళ్లీ పళ్లెం పెట్టాలి.

అయినా ఆకును ఇంటికి పంపించేయకండి. మానిపసుపు సంగతి చూడండి: దానికి పసుపు రంగునిచ్చే బెర్బెరిన్ స్టాఫిలోకాకస్ మీద అంతంత మాత్రమే పనిచేస్తుంది. లోపలికి వెళ్లినదాన్ని నార్-ఏ అనే పంపు బయటికి తోడేయడమే కారణం. బెర్బెరిన్ ఉండే బెర్బెరిస్ మొక్కల్లోనే ఇంకో పదార్థం ఉందనీ, అది తానుగా ఏ పురుగునూ చంపకపోయినా ఆ పంపును ఆపుతుందనీ 2000లో ఫ్రాంక్ స్టెర్మిట్జ్, కిమ్ లూయిస్ బృందం చూపించింది. మొక్క ఒంటరి తూటాను నమ్ముకోలేదన్నమాట. మనమేమో దాని సారంలో ఎప్పుడూ తూటానే వెతుకుతాం.

కాబట్టి ఈసారి 96 గుంటల ప్లాస్టిక్ పలక. అడ్డంగా యాంటీబయాటిక్‌ను సగానికి సగం తగ్గించుకుంటూ, నిలువునా ఆకు సారాన్ని అలాగే తగ్గించుకుంటూ పోస్తాం. విడివిడిగా కావాల్సిన మోతాదులో నాలుగో వంతు చొప్పున రెండూ కలిసిన గుంటలో కూడా బాక్టీరియా పెరగకపోతే, పనికిరాకుండా పోయిన పాత మందుకు తంగేడు తోడు నిలిచిందని రాసుకోవచ్చు. అప్పటికీ మనం ఎలుక దాకా కూడా వెళ్లలేదు సుమా.