దెలక్రువా ‘మొరాకోలో యూదుల పెండ్లి’: వెలుగు, గృహనిర్మాణము, నిత్యజీవనము

చిత్రమును చరిత్రకు సాక్ష్యముగా గ్రహింపవచ్చునా, గ్రహించినచో ఎంతవరకు అను ప్రశ్న పరిశోధకులకు తరచుగా ఎదురగుచుండును. దీనిని విచారించుటకు ఫ్రెంచి చిత్రకారుడగు యూజీన్ దెలక్రువా (1798–1863) రచించిన ‘మొరాకోలో యూదుల పెండ్లి’ని ఉదాహరణముగా గైకొనుచున్నాము. 1841 నాటి పారిస్ సలోనులో ప్రదర్శితమైన యీ తైలవర్ణచిత్రము నేడు లూవ్ర్ మ్యూజియమున నున్నది.

1830లో ఫ్రాన్సు అల్జీర్సును ఆక్రమించెను. పిమ్మట మొరాకో సుల్తానుతో సంప్రతింపులకై కౌంట్ ద మోర్నే నాయకత్వమున నొక రాయబారము 1832లో వెళ్లెను. దెలక్రువా దానితో పయనించెను. ముస్లిముల గృహాంతర్భాగములలోనికి పరదేశీయునకు ప్రవేశము దుర్లభము. యూదుల యిండ్లు అతనికి తెరచియుండెను. ఫ్రెంచి కాన్సులేటున దుబాసీయగు అబ్రహాము బెన్‌చిమోల్ మూలమున అతడు ఫిబ్రవరి 21న టాంజియరులో నొక పెండ్లిని చూచి, ఆ వివరములను తన పుస్తకమున వ్రాసికొనెను.

చిత్రమున మిక్కిలి చోటు ఆక్రమించినది సున్నము కొట్టిన తెల్లగోడ. ఆకాశమునకు తెరచిన నడిముంగిలిలోనికి వెలుగు పైనుండి దిగును. తెల్లగోడ ఆ వెలుగును మరల క్రిందికి పంపును. కనుకనే నీడలో కూర్చున్నవారి ముఖములును, వస్త్రముల రంగులును మరుగుపడవు. గోడ మొదట వాద్యగాండ్రు కూర్చుండిరి, వారి చెంత నర్తకి, ఇరుప్రక్కల అతిథులు. అతిథులలో ముస్లిములును గలరు.

పెండ్లికూతురు మాత్రము కానరాదు. ఆమె లోపలి గదులలో నుంచబడినదని సలోను సూచికయే తెలుపుచున్నది. ముంగిలి వచ్చిపోవువారిది, లోపలి గది ఇంటివారిది. సంఘమర్యాద యిట్లు కట్టడముననే వ్యక్తమగుచున్నది.

అయినను ఈ సాక్ష్యమునకు హద్దులు గలవు. పెండ్లి జరిగిన తొమ్మిదేండ్లకు ఈ చిత్రము పారిస్‌లో ప్రదర్శితమైనది. కావున ఇది ఆనాటి యొకానొక ఘడియకు యథాతథమైన ప్రతిబింబము కాజాలదు. 1842లో దెలక్రువా ‘మగజీన్ పితోరెస్క్’ పత్రికలో ఈ పెండ్లిని గూర్చి వ్యాసమును ప్రకటించెను. పుస్తకమునందలి వ్రాతను, చిత్రమును, వ్యాసమును సరిపోల్చి చూచుట అవసరము. కాని యా మూడును ఒకే కంటితో చూచినవి; ఆ కన్ను పొరుగుదేశమును జయించిన రాజ్యపు రాయబారముతో వచ్చిన వానిది. ఆ యింటివారి మాట మూటిలో నెందును స్వయముగా వినరాదు.

కావున గోడ, వెలుగు, కూర్చుండు తీరు, వాద్యములు మొదలగు బాహ్యవిషయములలో ఈ చిత్రమును పరీక్షించి గ్రహింపవచ్చును. పెండ్లి ఆ కుటుంబమునకు ఏమైయుండెనో తెలియగోరువారు ‘కెతుబా’ అను వివాహపత్రములను, ఆ సమాజము తానుగా వ్రాసికొనిన యితర పత్రములను ఆశ్రయింపవలెనని మా అభిప్రాయము.