వేలంపాట నుండి ఈ-టెండరు దాకా: తెలుగు ప్రాంత పురపాలక సంఘాలలో గుత్తేదారు ఎంపిక – ఒక చారిత్రక పరిశీలన

తెలుగులో ‘గుత్తేదారు’ అన్న మాట ఒకదానికొకటి ఎదురుగా నడిచే రెండు లావాదేవీలకు పేరుగా నిలిచింది. భూమి శిస్తునో, సంత సుంకాన్నో, సారా అమ్మకాన్నో గుత్తకు తీసుకొన్న పూర్వపు గుత్తేదారు ప్రభుత్వానికి సొమ్ము చెల్లించి ప్రజల దగ్గర వసూలు చేసుకొనేవాడు. నేటి గుత్తేదారు ప్రభుత్వం దగ్గర సొమ్ము తీసుకొని పని చేయిస్తాడు. మొదటివాణ్ణి ఎన్నుకోవడానికి ఎక్కువ పాట పాడినవాడెవడో చూస్తే చాలు. రెండోవాణ్ణి ఎన్నుకోవడానికి తక్కువ ధర వేసినవాడెవడో చూస్తే చాలునని పాలకులు చాలాకాలం భావించారు. పద్ధతి తలకిందులైనా దాని వెనుక ఉన్న లెక్క మారలేదు. ఎక్కువ పాటలోని అధికభాగమైనా, తక్కువ ధరలోని తరుగైనా ఆ రెండు పక్షాలలో ఎవరూ భరించలేదు. అది ఒప్పంద పత్రం మీద సంతకం లేని మూడో మనిషి మీద పడింది. ఈ మూడో మనిషి ఎవరన్న ప్రశ్నతో చూస్తే పురపాలక టెండర్ల చరిత్ర పరిపాలనా నియమాల చరిత్రగా మాత్రమే మిగలదు.

ఆశీలు పాటలు

మద్రాసు రాజధానిలో 1865, 1871 నాటి పట్టణాభివృద్ధి చట్టాలతోనూ, 1884 నాటి జిల్లా పురపాలక చట్టంతోనూ పట్టణ సంస్థలకు ఒక చట్టబద్ధమైన రూపం ఏర్పడింది. 1920 చట్టం ఆ రూపాన్ని విస్తరించింది. ఈ సంస్థల చేతిలో సొమ్ము తక్కువ, సిబ్బంది మరీ తక్కువ. రహదారి గేట్లు, సంతలు, బండ్ల అడ్డాలు, కబేళాలు, రేవులు వంటి చోట్ల పైసా పైసా వసూలు చేయడానికి సొంత ఉద్యోగులను నియమించడం కంటే ఆ హక్కును ఏడాదికి వేలం వేయడమే వాటికి తేలిక. కోస్తాలో ‘ఆశీలు’, తెలంగాణలో ‘తైబజారు’ అని పిలిచే వసూళ్ళు ఈ పద్ధతిలోనే నడిచాయి. చాలాచోట్ల నేటికీ నడుస్తున్నాయి. పాటకు ముందు ధరావతు కట్టాలి, పాట కుదిరాక కొంత సొమ్ము వెంటనే చెల్లించాలి, మిగిలినది కిస్తులుగా కట్టాలి. రేట్ల పట్టికను అందరికీ కనబడేలా బోర్డు మీద రాయాలి.

ఈ పద్ధతికి ఒక గొప్ప సుగుణం ఉంది. అది బహిరంగంగా జరుగుతుంది. ఎవరు ఎంత పాడారో ఊరంతా వింటుంది. దానిలోని లోపం కూడా అంతే బహిరంగం. పాటదారులు ముందే కూడబలుక్కొని ఒక్కడి చేత తక్కువకు పాడించి, మిగిలినవారు వాటా పంచుకోవడం ఎంత పాతదో ‘రింగు కావడం’ అన్న నుడికారం ఎంతగా జనం నోట స్థిరపడిందో చూస్తే తెలుస్తుంది. రింగు కాని ఏడాది మరో చిక్కు. పంతానికి పోయి హెచ్చుపాట పాడినవాడు ఆ సొమ్మును బోర్డు మీది రేటుతో రాబట్టలేడు. బండివాడి దగ్గర, గంప దించిన కూరగాయలామె దగ్గర అదనంగా గుంజుతాడు. ఇక్కడ మూడో మనిషి ఆమె.

రహదారి గేట్ల విషయంలో ఈ కథ 1931లో ముగిసింది. ఆ ఏటి మద్రాసు మోటారు వాహనాల పన్ను చట్టం గేట్లను రద్దు చేసి, స్థానిక సంస్థలు కోల్పోయిన రాబడికి పరిహారం చెల్లించే ఏర్పాటు చేసింది. వసూలును గుత్తకిచ్చే పద్ధతి నుండి ప్రభుత్వం ఒక రంగంలో పూర్తిగా తప్పుకొన్న సందర్భంగా దీనిని చెప్పుకోవచ్చు. అయితే గేటు పోయింది గాని గుత్త పోలేదు; సంతలు, దుకాణాల వేలాలు యథాతథంగా సాగాయి.

చట్టం అడిగినది, కార్యాలయం చేసినది

పనులకు, సరఫరాలకు సీల్డ్ టెండర్లు పిలిచే పద్ధతి మరో దారిలో వచ్చింది. 1888 నాటి బొంబాయి నగరపాలక చట్టంలో ఒక పరిమితికి మించిన ఒప్పందాలకు పత్రికా ప్రకటన ద్వారా టెండర్లు పిలవాలన్న నిబంధన ఉంది. వచ్చిన టెండర్లలో దేనినైనా అంగీకరించి తీరాలన్న నిర్బంధం కమిషనరుకు లేదు. అన్ని పరిస్థితులనూ చూసి అత్యంత ప్రయోజనకరమని తోచినదానిని ఆయన అంగీకరించవచ్చు. హైదరాబాద్ నగరపాలక సంస్థల చట్టం, 1955 ఈ ఒరవడిలోనిదే. తరువాత 1979లో విశాఖపట్నానికి, 1981లో విజయవాడకు చేసిన చట్టాలు కూడా ఆ 1955 చట్ట నిబంధనలనే ఆధారం చేసుకొన్నాయి.

ఇక్కడ గమనించవలసినది ‘అత్యంత ప్రయోజనకరం’ అన్న మాట. చట్టం ‘అత్యల్పం’ అనలేదు. కాని ఆచరణలో ఆ రెండూ ఒకటైపోయాయి. కారణం అధికారి అజ్ఞానం కాదు, ఆడిటు భయం. తక్కువ ధరను కాదని రెండోవాడికి పని ఇచ్చిన అధికారి దానికి కారణం ఫైలులో రాయాలి, ఆ తరువాత ఏళ్ళ తరబడి సంజాయిషీ చెప్పుకోవాలి. తక్కువ ధరకు ఇచ్చినవాణ్ణి ఎవరూ అడగరు, పని పాడైనా సరే.

1979లో రమణ దయారాం శెట్టి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ ధోరణిని మరో వైపు నుండి బిగించింది. బొంబాయి విమానాశ్రయంలో ఫలహారశాల నిర్వహణకు పిలిచిన టెండరులో పేర్కొన్న అర్హత లేనివారికి పని ఇచ్చారన్నది వివాదం. ప్రభుత్వ సంస్థ తాను ప్రకటించిన ప్రమాణానికి తానే కట్టుబడి ఉండాలని న్యాయస్థానం స్పష్టం చేసింది. 1994 నాటి టాటా సెల్యులార్ తీర్పు నిర్ణయ ప్రక్రియను న్యాయస్థానం పరిశీలిస్తుందే తప్ప నిర్ణయం మంచిచెడ్డలను తాను తూచదని చెప్పింది. ఈ రెండు తీర్పులూ టెండరుదారుల మధ్య సమానత్వాన్ని కాపాడాయి. టెండరుదారు కింద పనిచేసేవారి ప్రస్తావన ఆ చర్చ పరిధిలోకి రాలేదు.

1993 నవంబరు 25

రోడ్లూడ్చే పని, చెత్త ఎత్తే పని గుత్తేదారుల చేతికి పోవడానికి సాధారణంగా ఆర్థిక సంస్కరణలను కారణంగా చూపుతారు. అది నిజమే గాని చాలదు. తెలుగునాట దీనికి ఒక నిర్దిష్టమైన తేదీ ఉంది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1994లో చేసిన 2వ చట్టం ప్రభుత్వ సంస్థలలో, స్థానిక సంస్థలలో దినకూలీ నియామకాలను నిషేధించింది. 1993 నవంబరు 25 నుండి అమలులోకి వచ్చింది. ఆ నాటికి ఐదేళ్ళ సర్వీసు పూర్తి చేసిన దినకూలీలను క్రమబద్ధీకరించడానికి 1994 ఏప్రిల్ 22న జీవో 212 వెలువడింది. ఆ తరువాత ఖాళీ అయిన చోట్లు భర్తీ కాలేదు. అదే కాలంలో పట్టణాలు పెరిగాయి, 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంఘాలకు కొత్త బాధ్యతలు చెప్పింది, 1994లో సూరత్ ప్లేగు పారిశుద్ధ్యాన్ని దేశమంతటా అత్యవసర విషయంగా మార్చింది. మనుషులను పెట్టుకోకూడదు, పని ఆగకూడదు అన్న ఈ రెండు ఆజ్ఞల మధ్య మిగిలిన ఇరుకు దారి గుత్తేదారు. కమిషనరు దృష్టిలో ఇది విధానం కంటే ముందు అవసరం.

ఊడ్చే పనికి టెండరు పిలిచినప్పుడు రోడ్డు వేసే పనికి లేని చిక్కు ఒకటి ఎదురవుతుంది. రోడ్డు పనిలో కంకర, తారు, యంత్రం, కూలి అన్నీ ఉంటాయి. పొదుపుకు నాలుగు చోట్లున్నాయి. ఊడ్పు పనిలో ఖర్చంతా దాదాపు కూలియే. ఆ కూలికి 1948 నాటి కనీస వేతనాల చట్టం ఒక అడుగుమట్టం గీసింది. అలాంటప్పుడు ఒకడు అంచనాకంటే ఇరవై శాతం తక్కువ వేశాడంటే దాని అర్థం ఒక్కటే. హాజరు పట్టీలో నలభైమంది ఉంటారు, రోడ్డు మీద ముప్పై ఇద్దరు ఉంటారు. లేదా నలభైమందీ ఉంటారు, ఒక్కొక్కరి చేతికి చట్టం చెప్పినదానికంటే తక్కువ అందుతుంది. లేదా భవిష్యనిధి సొమ్ము కోత పడుతుంది గాని ఖాతాకు చేరదు. ఈ పనిలో ఉన్నవారిలో అత్యధికులు దళిత స్త్రీలు. ఉత్తర కోస్తాలో రెల్లి, మిగిలిన చాలా ప్రాంతాలలో మాదిగ కుటుంబాలకు ఈ పని తరాలుగా వచ్చినది. బేరమాడే శక్తి అందరికంటే తక్కువ ఉన్నవారి మీదికే టెండరు తరుగు జారింది.

ఈ చిక్కును హైదరాబాద్ నగరపాలక సంస్థ 1990ల చివరి భాగంలో గుర్తించి ఒక విశేషమైన పరిష్కారం చూసింది. నగరాన్ని ఊడ్పు యూనిట్లుగా విడగొట్టారు. యూనిట్‌కు ఇంత పొడవు రోడ్డు, ఇంతమంది మనుషులు, ఇన్ని పనిముట్లు, ఇంత సొమ్ము అని సంస్థే లెక్కకట్టింది. ధర మీద పోటీ తీసివేసి, ఆ ధరకు ఒప్పుకొన్న అర్హుల మధ్య చీటీలు తీసి గుత్తేదారును ఎంపిక చేసింది. టెండరు అంటేనే ధర పోటీ అనుకొనే వ్యవస్థలో ఇది చిన్న విషయం కాదు. కూలిని తగ్గించి గెలవడం అనే మార్గం కనీసం టెండరు దశలో మూసుకుపోయింది. ఒకే పెద్ద గుత్తేదారు నగరాన్ని చుట్టుకొనే వీలు కూడా తగ్గింది. కాని చీటీ సమర్థుణ్ణీ అసమర్థుణ్ణీ వేరు చేయలేదు. గెలిచినవాడు తరువాత హాజరు పట్టీలో చేసేదాన్ని చీటీ ఆపలేదు. అది మేస్త్రీ, జవాను, శానిటరీ ఇన్‌స్పెక్టరు కళ్ళ మీద ఆధారపడింది. మరొకటి కూడా గుర్తుంచుకోవాలి. 1986లో ఎన్నికైన పాలకమండలి కాలం ముగిశాక 2002 దాకా హైదరాబాద్‌లో నగరపాలక ఎన్నికలు జరగలేదు. ఈ ప్రయోగం ప్రత్యేకాధికారుల పాలనలో జరిగింది. వార్డు సభ్యుల ఒత్తిడి లేకపోవడం దాని రూపకల్పనకు కలిసివచ్చిందనుకోవచ్చు; వార్డు ప్రజల తరఫున అడిగేవాడు లేకపోవడం దాని అమలుకు నష్టం చేసింది.

పెట్టె నుండి తెర మీదికి

2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో తొలి ఈ-ప్రొక్యూర్‌మెంట్ వేదికలలో ఒకదానిని ప్రారంభించింది. అంతకుముందు టెండరు పెట్టె కార్యాలయంలో ఉండేది. షెడ్యూలు కొనడానికి వచ్చినవాడెవడో ఎదుటి వర్గానికి ముందే తెలిసేది. పెట్టె దగ్గర అడ్డుకోవడం, బెదిరించి వెనక్కి పంపడం సాధారణం. షెడ్యూలును తెర మీద పెట్టి, డిజిటల్ సంతకంతో ధర దాఖలు చేయించడం ఆ కార్యాలయపు గుమ్మాన్నే తొలగించింది. అదే ఏడాది జూలై 1న నీటిపారుదల శాఖ ఇచ్చిన జీవో 94 పనుల టెండర్లకు అంచనాపై 5 శాతానికి మించిన ధరను అంగీకరించరాదని, 25 శాతానికి మించి తగ్గించినవాడు ఆ తేడాకు అదనపు హామీ చూపాలని నిర్దేశించింది. మరీ తక్కువ ధర కూడా ఒక ప్రమాదమేనని ప్రభుత్వం ఒప్పుకొన్న అరుదైన సందర్భమిది. అయితే ఈ జాగ్రత్త కట్టడాల కోసం చేసినది.

మనుషుల సరఫరా టెండర్లలో కథ వింతగా మలుపు తిరిగింది. వేతనాన్ని జీవో నిర్ణయిస్తుంది, భవిష్యనిధి, ఈఎస్ఐ శాతాలను చట్టాలు నిర్ణయిస్తాయి. పోటీకి మిగిలేది ఏజెన్సీ తీసుకొనే సేవారుసుము ఒక్కటే. పోటీ పెరిగిన కొద్దీ అది శూన్యం వైపు జారింది. లాభం లేకుండా వ్యాపారం చేస్తానన్నవాడి లాభం ఎక్కడి నుండి వస్తుందన్నది కార్యాలయంలో అందరికీ తెలిసిన రహస్యం. ధరలన్నీ సమానమైనప్పుడు విజేతను తేల్చడానికి మళ్ళీ లాటరీయే దిక్కయింది. హైదరాబాద్‌లో కూలిని కాపాడడానికి తెచ్చిన చీటీ, ఇక్కడ అర్థరహితమైన పోటీకి ముగింపు పలికే సాధనంగా తిరిగివచ్చింది.

పరికరాల కొనుగోలు మరో దారి పట్టింది. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుఫానులో విశాఖపట్నం వీధిదీపాలు దెబ్బతిన్నాక, 90,000కు పైగా దీపాలను ఎల్ఈడీలుగా మార్చే పనిని కేంద్ర విద్యుత్ సంస్థల ఉమ్మడి కంపెనీ ఈఈఎస్ఎల్‌కు అప్పగించారు. నగరపాలక సంస్థ మొదట పెట్టుబడి భారమంతా మోయనక్కరలేదు. ఆదా అయిన కరెంటు బిల్లు నుండి కొన్నేళ్ళపాటు చెల్లిస్తే చాలు. దీపం వెలిగిందా లేదా అన్నది కొలవడం హాజరు పట్టీని కొలవడం కంటే సులువు కనుక ఈ నమూనా త్వరగా వ్యాపించింది. కాని దీపం తయారీదారును ఎంపిక చేసే టెండరు ఇప్పుడు నగరంలో జరగదు, పై సంస్థ దగ్గర జరుగుతుంది. పాలకమండలి ముందుకు వచ్చేది నిర్ణయం కాదు, అప్పటికే కుదిరిన ఏర్పాటుకు ఆమోదం.

గుత్తేదారు స్థానంలో ప్రభుత్వం

రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో జీవో 279 పారిశుద్ధ్యాన్ని ప్యాకేజీలుగా విడగొట్టి అప్పగించాలని చూసింది. మనుషుల లెక్కకు బదులు పని లెక్కకు సొమ్ము చెల్లించడం దాని ఉద్దేశం. పరిపాలనా శాస్త్రం దీనిని మెచ్చుకోవచ్చు. కార్మికులకు మాత్రం తమ సంఖ్య ఒప్పందంలోంచి మాయం కావడం కనిపించింది. దాని రద్దు 2018 సమ్మెలో ప్రధానమైన కోరిక అయింది.

2019లో రాష్ట్ర ప్రభుత్వం ఏజెన్సీల ఎంపిక అన్న సమస్యను వేరే విధంగా పరిష్కరించింది. ఏజెన్సీలనే తొలగించింది. ఆంధ్రప్రదేశ్ కార్పొరేషన్ ఫర్ ఔట్‌సోర్స్‌డ్ సర్వీసెస్ అనే ప్రభుత్వ కంపెనీ, జనం నోట ఆప్కాస్, 2020 జూలైలో పని ప్రారంభించింది. వేతనం నేరుగా బ్యాంకు ఖాతాలో పడసాగింది, కమీషను పోయింది, భవిష్యనిధి లెక్క కంటికి కనబడింది. టెండరు చరిత్రలో ఇంతకంటే పెద్ద మార్పు లేదు: సరఫరాదారు స్థానంలో రాష్ట్రమే కూర్చుంది. కాని యజమాని ఎవరన్న ప్రశ్నకు జవాబు ఇంకా జటిలమైంది. పని పురపాలక సంఘానిది, జీతం కంపెనీ ద్వారా, నిర్ణయం సచివాలయంలో.

2015 జూలైలో హైదరాబాద్ పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేసినప్పుడు వారి నెలజీతం రూ. 8,500 నుండి రూ. 12,500కు పెరిగింది. ఆ పెంపును ఏ టెండరూ తేలేదు, ముఖ్యమంత్రి ప్రకటన తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆప్కాస్ ఏర్పడి మూడేళ్ళు గడిచాక, 2023 డిసెంబరు 26న పురపాలక కార్మికులు మళ్ళీ చీపుర్లు పక్కన పెట్టారు. రెండు వారాలకు పైగా సాగిన ఆ సమ్మెలో గుత్తేదారు మీద ఫిర్యాదు లేదు; అప్పటికి గుత్తేదారే లేడు. సమాన పనికి సమాన వేతనం, ఉద్యోగ క్రమబద్ధీకరణ అన్నవి ప్రధానమైన కోరికలు. వేతనం విషయంలో రాజీ కుదిరింది. క్రమబద్ధీకరణ విషయంలో 1993 నవంబరు 25 నాటి గీత ఉన్నచోటే ఉంది.