సైకిలు గొలుసు, దాన్ని విప్పే పనిముట్టు – ఒక చిన్న చరిత్ర



మన సావనీరులో ఏటేటా మహనీయుల జీవిత చరిత్రలు, మసీదుల చరిత్రలు, విద్యలో పైకి వచ్చిన మన పిల్లల వివరాలు చదువుకుంటున్నాము. సంతోషమే. కాని మన పేటల్లో మసీదు మలుపున, సినిమా హాలు ఎదుట, బస్టాండు పక్కన ఒక చెక్కపెట్టె, ఒక గాలి పంపు, ఒక నీళ్ళ తొట్టి పెట్టుకుని రెండు మూడు తరాలు సంసారాలు ఈదుకొచ్చిన సైకిలు మేస్త్రీల సంగతి మాత్రం ఎవరూ రాయలేదు. ఆ చరిత్రంతా రాసే శక్తి నాకు లేదు. వారి పెట్టెలో అట్టడుగున పడి ఉండే ఒక చిన్న పనిముట్టును గురించి మాత్రం నాలుగు మాటలు మనవి చేసుకుంటాను.

పుస్తకాల్లో దానిని చైన్ రివెట్ ఎక్స్‌ట్రాక్టర్ అంటారు. దుకాణాల్లో కొందరు చైను కట్టరు అంటారు, కొందరు చైను పంచి అంటారు. గొలుసు లంకెలో ఉండే పిన్నును నిదానంగా బయటికి తోయడం, తిరిగి లోపలికి బిగించడం దాని పని. అరచేతిలో ఇమిడిపోయే వస్తువు. దీనికీ ఒక చరిత్ర ఉందా అని నవ్వవచ్చు. ఉంది.

గొలుసు పుట్టుక

ఇనుప లంకెల ప్రస్తావన మనకు కొత్త కాదు. హజ్రత్ దావూద్ అలైహిస్సలాం వారికి అల్లాహ్ ఇనుమును మెత్తబరచి ఇచ్చినట్లు, కవచాలు చేయమని, వాటి లంకెలను సరైన కొలతలో కూర్చమని ఆదేశించినట్లు సూరా సబాలో వస్తుంది. ఒక ప్రవక్తకు నేర్పిన పనిలో కొలత మాట కూడా చెప్పబడిందన్న విషయం పనివాడైన ప్రతి ముస్లిము గుర్తుంచుకోదగినది.

క్రీ.శ. 1206లో దియార్‌బకర్ ప్రాంతపు అర్తుఖీ సుల్తానుల కొలువులో ఉన్న అల్ జజరీ అనే మహా పనివాడు యంత్రాలను గురించి ఒక గ్రంథం పూర్తి చేశాడు. గొలుసుకు కుండలు కట్టి, పళ్ళ చక్రాలతో తిప్పి, నీటిని పైకి తోడే యంత్రం అందులో ఉన్నది. దీన్ని చూపించి సైకిలు గొలుసును మనవాళ్ళే కనిపెట్టారని చెప్పుకోవడం సబబు కాదు. లేని గొప్ప మనకెందుకు? చక్రానికీ గొలుసుకూ ఉన్న సంబంధం మీద మనవారు ఆనాడే బుద్ధి పెట్టారని చెప్పుకుంటే చాలు.

ఈనాటి సైకిలు గొలుసుకు అసలు రూపం ఇచ్చినవాడు హాన్స్ రెనాల్డ్. స్విట్జర్లాండులో 1852లో పుట్టి, ఇంగ్లండులోని మాంచెస్టరు ప్రాంతానికి వచ్చి స్థిరపడ్డాడు. జేమ్స్ స్లేటరు అనే ఆయన వద్ద చిన్న గొలుసుల కార్ఖానాను 1879లో కొని, 1880లో బుష్ రోలర్ గొలుసుకు పేటెంటు తీసుకున్నాడు. అంతకు ముందు గొలుసుల్లో పలక బెజ్జం అంచే పిన్ను మీద రాచుకునేది. సన్నని అంచు మీద భారమంతా పడి త్వరగా అరిగిపోయేది. రెనాల్డు పిన్ను చుట్టూ ఒక చిన్న గొట్టం, దాని చుట్టూ తిరిగే ఒక రోలరు పెట్టాడు. రాపిడి ఆ గొట్టం పొడవునా పంచుకోబడింది. చూడటానికి ఇంతే. సైకిలు యుగమంతా ఈ గొట్టం మీద నడిచింది.

1885లో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సేఫ్టీ సైకిలు తెచ్చాడు. అంతకు ముందరి సైకిళ్ళలో పెడళ్ళు ముందు చక్రానికే ఉండేవి. ఒక్కసారి తొక్కితే చక్రం ఒక్క చుట్టే తిరిగేది. వేగం కావాలంటే చక్రాన్ని మనిషెత్తు చేయాల్సి వచ్చేది. పడితే తలే పగిలేది. గొలుసు వచ్చాక ఆ బాధ పోయింది. ముందు 48 పళ్ళు, వెనుక 18 పళ్ళు ఉంటే ఒక్క తొక్కుడుకు వెనుక చక్రం రెండున్నర చుట్లకు పైగా తిరుగుతుంది. రెండు చక్రాలూ సమానమై, సైకిలు సామాన్యుడి వాహనమయింది. ఇంకో మాట. 1903లో విమానం ఎగరేసిన రైట్ సోదరులు ఇద్దరూ సైకిలు మేస్త్రీలే. వారి విమానంలో పంకాలను తిప్పింది కూడా గొలుసులే. సైకిలు రిపేరును తక్కువ పనిగా చూసేవారు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

పనిముట్టు అవసరం ఎందుకు కలిగింది

గొలుసు లంకెలను పిన్నులు కొట్టి కలుపుతారు. అంటే ఎక్కడ విప్పాలన్నా పిన్ను తోయవలసిందే. మన మామూలు సైకిళ్ళ గొలుసుకు ఒకచోట చైను లాకు ఉంటుంది. దాని మీది స్ప్రింగు క్లిప్పు తీస్తే గొలుసు విడిపోతుంది. కనుక రోజూ పనికి ఈ పనిముట్టు అక్కరలేదు. మధ్యలో లంకె విరిగినా, పొడవు తగ్గించవలసి వచ్చినా మాత్రం పిన్ను తీయక తప్పదు. ఆ రోజుల్లో సుత్తి, పంచి పెట్టి కొట్టేవారు.

గేర్ల సైకిళ్ళు వచ్చాక కథ మారింది. వాటిలో గొలుసు ఒక పళ్ళ చక్రం మీది నుంచి ఇంకో దాని మీదికి పక్కకు జరుగుతుంది. బయటికి పొడుచుకొచ్చే స్ప్రింగు క్లిప్పు అక్కడ తగులుకుంటుంది, ఊడిపోతుంది. అందుచేత వాటికి లాకు లేని గొలుసులు వేయవలసి వచ్చింది. టూర్ ద ఫ్రాన్స్ పందెంలో ఈ తరహా గేర్లను 1937లో అనుమతించారు. తర్వాత వాటి వాడకం బాగా వ్యాపించింది. గొలుసు విప్పాలన్నా కలపాలన్నా పిన్ను తోయడమొక్కటే దారి అయ్యేసరికి, మరబోల్టుతో నిదానంగా తోసే ఈ చిన్న పనిముట్టు ప్రతివారికీ అవసరమయింది.

మన దేశంలో

స్వాతంత్ర్యానికి ముందు మన వీధుల్లో తిరిగినవి ఎక్కువగా ఇంగ్లండు సైకిళ్ళే. తర్వాత మద్రాసులో టి.ఐ. సైకిల్స్ 1949లో, సోనేపట్‌లో అట్లాస్ 1951లో, లూధియానాలో హీరో 1956లో వచ్చాయి. 1960లో మద్రాసులో టి.ఐ. డైమండ్ చైన్ స్థాపనతో గొలుసులు కూడా ఇక్కడే తయారయ్యాయి. హీరో సంస్థ 1986లో ప్రపంచంలో కెల్లా ఎక్కువ సైకిళ్ళు చేసేదిగా గిన్నిస్ పుస్తకానికెక్కింది.

సైకిళ్ళు పెరిగిన కొద్దీ దుకాణాలు పెరిగాయి. పెట్టుబడి తక్కువ, చదువు పత్రాలు ఎవరూ అడగరు. బడి మానిన మన పిల్లలెందరో ఉస్తాదు దగ్గర షాగిర్దులుగా చేరారు. గంటల లెక్కన సైకిళ్ళు అద్దెకివ్వడం, పంక్చర్లు వేయడం, ఓవరాయిలింగు చేయడం. ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగింది దీని మీదే. మా ఇల్లు కూడా అందులో ఒకటి.

ఒక సంఘటన

గుంటూరులో మా చాచాకు సైకిలు దుకాణం ఉండేది. 1974 వర్షాకాలం. నేను బడి వదిలాక అక్కడ సామాను అందిస్తూ ఉండేవాణ్ణి. ఒకరోజు పాలు పోసే ఆయన గొలుసు వదులైందని వచ్చాడు. "రెండు లంకెలు తీసెయ్యి బాబూ, కొత్తది ఇప్పుడు కొనలేను" అన్నాడు. చాచా నమాజుకు వెళ్ళాడు. పెద్ద షాగిర్దు గొలుసును ఒక నట్టు మీద పెట్టి, మేకుతో, సుత్తితో పిన్ను కొట్టాడు. లంకెలు తీశాడు. పిన్ను మళ్ళీ కొట్టి కలిపాడు. చూడటానికి బాగానే ఉంది. పలక కొంచెం వంగిందని, పిన్ను అవతలి పలకలో సగమే కూర్చుందని మాకెవరికీ కనబడలేదు. నిజం చెప్పాలంటే మేము చూడలేదు.

మర్నాడు తెల్లవారుజామున ఆయన రెండు క్యాన్లతో శంకర్ విలాస్ వంతెన ఎక్కుతూ లేచి నిలబడి తొక్కాడు. గొలుసు అక్కడే విడిపోయింది. కాలు జారి మోకాలు రోడ్డుకు కొట్టుకుంది. పాలు పోతే పోయాయి, మనిషి ఇరవై రోజులు మంచాన ఉన్నాడు.

చాచా షాగిర్దును కొట్టలేదు, తిట్టలేదు. ఆయన ఇంటికి పోయి తల వంచుకుని కూర్చున్నాడు. ఆ ఇరవై రోజులూ రోజుకింత అని డబ్బు పంపాడు. మా ఇంట్లో ఆ నెల చాలా ఇబ్బందిగా గడిచింది. చాచీ ఒకసారి అడిగింది, "కొట్టింది వాడు కదా, మీరెందుకు కట్టాలి?" అని. "బోర్డు మీద పేరు నాది కదా. వాడికి పనిముట్టు కొనివ్వనిది కూడా నేనే" అన్నాడు. ఆ వారమే ఒక చైను కట్టరు తెప్పించాడు. మేకుతో పిన్ను కొట్టడం ఆ దుకాణంలో ఆనాటితో ఆగిపోయింది.

ఎంపిక

ఆనాడు చాచా చూసినవి, తర్వాత నేను అనుభవం మీద తెలుసుకున్నవి చెబుతాను. మొదటగా, తోసే పిన్ను మొన గొలుసు పిన్నుకు సరిగ్గా ఎదురుగా రావాలి. మరను మెల్లగా తిప్పి చూస్తే తెలుస్తుంది. వెంట్రుకవాసి పక్కకు జరిగినా కొనవద్దు. రెండు, ఆ మొన విడిగా మార్చుకోగలిగేదై ఉండాలి. విరిగేది ఎప్పుడూ అదే. దాని కోసం మొత్తం పారవేయడం దండగ. మూడు, గొలుసు కూర్చునే గాడి మన గొలుసుకు సరిపోవాలి. మామూలు సైకిలు గొలుసు లోపలి వెడల్పు అంగుళంలో ఎనిమిదో వంతు. గేర్ల సైకిలుది అంతకంటే సన్నం. పదకొండు, పన్నెండు గేర్ల సైకిళ్ళ గొలుసులు ఇంకా పలచన. సన్నదానికి చేసిన పనిముట్టులో వెడల్పుది ఇరుక్కుంటుంది. వెడల్పుదానికి చేసినదానిలో సన్నది కదిలి పలక వంగుతుంది. నాలుగు, పిడి చేతికి ఒత్తుకోకుండా పట్టు దొరకాలి.

కొన్నింటికి రెండు గాడులుంటాయి. పిడికి దూరంగా ఉన్న గాడి పిన్ను తోయడానికి. పిడికి దగ్గరగా ఉన్నది బిగుసుకున్న లంకెను కొంచెం వదులు చేయడానికి. ఈ తేడా తెలియక చాలామంది దగ్గరి గాడిలో పెట్టి బలంగా తోసి దాన్ని విరగ్గొడతారు.

పాత వెడల్పు గొలుసులో పిన్నును పూర్తిగా బయటికి తోయవద్దు. అవతలి పలకలో కొంచెం నిలిచి ఉంటేనే తిరిగి సులువుగా ఎక్కుతుంది. కలిపాక రెండు వైపులా సమంగా ఉందా లేదా అని కంటితో చూడాలి, వేలితో తడమాలి. సన్నని గేరు గొలుసుల్లో మాత్రం తీసిన పిన్నును మళ్ళీ వాడనేకూడదు. వాటికి వేరే పిన్ను గాని, చేతితో కలిపే లాకు గాని అమ్ముతారు. మామూలు చైను లాకు వేసేటప్పుడు క్లిప్పు మూసి ఉన్న కొన గొలుసు నడిచే దిక్కుకు ఉండాలి.

సంరక్షణ

మర మీద ఇసుక, పాత గ్రీజు చేరనీయరాదు. పాత టూత్‌బ్రష్షుతో, కిరోసిన్ గుడ్డతో తుడిచి ఒక చుక్క నూనె వేయాలి. గొలుసు పెట్టే ముందు మొనను పూర్తిగా వెనక్కు తిప్పాలి. తిప్పుతుండగా ఉన్నట్టుండి బిగిస్తే బలం పెట్టకూడదు. వెనక్కు తీసి, మొన సూటిగా ఉందా అని చూడాలి. పిడికి గొట్టం తగిలించి తిప్పడం, సుత్తితో కొట్టడం పనికిరాదు. మొన వంగినా, పుట్టగొడుగులా చితికినా వెంటనే మార్చాలి. వర్షాకాలంలో నూనె గుడ్డలో చుట్టి పెట్టాలి.

ఇంతకంటె ముఖ్యమైనది కొలత. గొలుసు సాగిందని అందరూ అంటాము. నిజానికి పలకలు సాగవు. పిన్నులు, గొట్టాలు అరిగి ఒక్కొక్క లంకెలో కొంచెం సందు పెరుగుతుంది. లంకెకు అర అంగుళం చొప్పున 24 లంకెలు సరిగ్గా 12 అంగుళాలుండాలి. స్కేలు పెట్టి చూస్తే అంగుళంలో పదహారో వంతు ఎక్కువైతే గొలుసు మార్చాలి. ఎనిమిదో వంతు ఎక్కువైతే పళ్ళు కూడా పాడయి ఉంటాయి. అలాంటి గొలుసులో లంకెలు తీసి ఇస్తే బిగువు కనబడుతుంది, అరుగుదల మాత్రం అలాగే ఉంటుంది. ఆనాడు పాలాయన గొలుసును కొలిచి చూసి ఉంటే చాచా దాన్ని కోసి ఉండేవాడు కాదు. అప్పుకైనా కొత్తది వేసి ఉండేవాడు. ఆ మాట ఆయనే చాలాసార్లు అనుకున్నాడు.

చివరి మాట

కాలం మారింది. మోటారు సైకిళ్ళు వచ్చాయి. అద్దె సైకిళ్ళు పోయాయి. అట్లాస్ వారి సాహిబాబాద్ కార్ఖానా 2020 జూన్ 3న, ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే ఆగిపోయింది. అయినా బడి పిల్లలు, కూలికి పోయేవారు, ఆరోగ్యం కోసం తొక్కేవారు ఇంకా ఉన్నారు. వేలు, లక్షలు పోసి కొన్న గేర్ల సైకిళ్ళకు పని తెలిసిన మేస్త్రీ దొరకక ఇబ్బంది పడేవారూ ఉన్నారు. మన పిల్లలకు ఇందులో అన్నం ఉంది. పనితో పాటు పనిముట్టు, కొలత తెలిసి ఉండాలి.

పేద స్త్రీలకు కుట్టు మిషన్లు ఇచ్చినట్లే, సైకిలు పని నేర్చిన పిల్లలకు ఒక పెట్టె పనిముట్లు ఇచ్చే విషయం సంఘ పెద్దలు ఆలోచించాలని నా మనవి. అందులో మంచి చైను కట్టరు ఒకటి, విడి మొనలు రెండు, ఒక స్టీలు స్కేలు తప్పక ఉండాలి. తన చేతి కష్టంతో తిన్న అన్నానికి మించినది లేదని, దావూద్ అలైహిస్సలాం వారు అలాగే తినేవారని హదీసులో మనం విన్నాము. ఆ చేతికి తగిన పనిముట్టు అందించే బాధ్యత మాత్రం మన అందరిదీ.

చాచా కొన్న కట్టరు ఇప్పటికీ నా దగ్గర ఉంది. మొన మూడుసార్లు మార్చాను. పిడి మీద నికెలు పోయింది. పని మాత్రం చేస్తోంది.

వస్సలాం.