పసివాళ్ల సమాజం: రోము నుండి అడయారు మీదుగా మన ఇంటిదాకా

ద్వారక అనగానే మనకు ముందుగా గుర్తుకొచ్చేది శ్రీకృష్ణుడి నగరం. ఈ పాఠం మాత్రం ఢిల్లీ నైరుతి దిక్కున వెలసిన ద్వారకతో మొదలవుతుంది. ఒకప్పుడు పప్పన్‌కలాన్ పేరుతో ఢిల్లీ అభివృద్ధి సంస్థ రూపకల్పన చేసిన ఉపనగరం ఇది. 2005 డిసెంబరు 31న ఇక్కడికి మెట్రో రైలు వచ్చింది. ఉద్యోగరీత్యా వచ్చి ఇక్కడి అపార్టుమెంట్లలో స్థిరపడిన కుటుంబాలలో తెలుగువారూ ఉన్నారు. మీరు అటువంటి కుటుంబంలోని వారే అనుకోండి. మీకు మూడేళ్ల పాప ఉంది. అమ్మమ్మ, నాయనమ్మ ఊళ్లో ఉన్నారు. పెదనాన్న పిల్లలు, మేనత్త పిల్లలు సెలవులకు తప్ప కనిపించరు. తనకన్నా పెద్దవాళ్లను చూసి నేర్చుకోవడం, తనకన్నా చిన్నవాళ్లకు చేయూతనివ్వడం ఆ పాపకు ఎక్కడ అలవడుతుంది?

పూర్వం ఈ పని ఉమ్మడి కుటుంబపు వసారా చేసేది. నేడు ఆ బాధ్యతలో కొంత బడి మీద పడింది. ‘మాంటిస్సోరి’ అన్న బోర్డు చూసి పిల్లలను చేర్పించే తల్లిదండ్రులు చాలామంది. ఆ పేరు వెనుక పసివాళ్ల సమాజాన్ని గురించిన ఒక గొప్ప ఆలోచన ఉంది. దాని చరిత్రను పరిశీలిద్దాం.

ఒక గదిలో మొదలైన కథ

1907 జనవరి 6న రోము నగరంలోని శాన్ లోరెంజో అనే పేదల పేటలో వైద్యురాలు మరియా మాంటిస్సోరి ‘బాలల గృహం’ ప్రారంభించారు. తల్లిదండ్రులు కూలిపనులకు వెళ్లగా పిల్లలు మెట్ల మీద తిరుగుతూ గోడలు పాడుచేసేవారు. ఆ భవనాలను బాగుచేయించిన సంస్థ, పిల్లలను ఒకచోట కూర్చోబెడితే మేలని తలచింది. అలా సుమారు 50 మంది, మూడు నుండి ఆరేడేళ్ల వయసు వారు, ఒక చోట చేరారు. తరువాతి కాలంలో మాంటిస్సోరి ఈ వయసుల కలయికనే తన పద్ధతికి మూలస్తంభం చేసుకున్నారు.

ఆ గదిలో పిల్లలే బల్లలు సర్దేవారు, భోజనం వడ్డించేవారు, గిన్నెలు కడిగేవారు. నాలుగేళ్ల పిల్లవాడు సూపు గిన్నెను ఒలకకుండా మోసుకువెళ్లడం చూసి సందర్శకులు ఆశ్చర్యపోయేవారు. తన తోటివారి ఆకలి తన చేతిలో ఉందన్న ఎరుకే ఆ పిల్లవాడికి శిక్షణ.

ఒంటరి పనా? కలిసి బతకడమా?

అందరూ దీనిని మెచ్చుకోలేదు. 1914లో అమెరికన్ విద్యావేత్త విలియం హెర్డ్ కిల్‌పాట్రిక్ ఈ పద్ధతిని విమర్శిస్తూ ఒక పుస్తకమే రాశారు. పిల్లలు ఎవరి పని వారు చేసుకుంటే సహకారం ఎలా అలవడుతుందన్నది ఆయన ప్రశ్నలలో ఒకటి. ఇది కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. మాంటిస్సోరి తరగతిలోకి తొంగి చూస్తే మీకూ ఇదే సందేహం రావచ్చు. ఒకడు చాప పరుచుకుని దిమ్మెలు పేరుస్తుంటాడు, ఇంకొకతె గుండీలు పెడుతుంటుంది.

జవాబు ఆ తరగతి అమరికలోనే ఉంది. గులాబీరంగు గోపురానికి పది దిమ్మెలు ఉంటాయి, చిన్నది ఒక సెంటీమీటరు, పెద్దది పది సెంటీమీటర్లు. ఇటువంటి సామగ్రి తరగతికి ఒక్కటే జత ఉంచుతారు. వేరొకరు వాడుతుంటే రెండోవాడు ఆగాలి. ‘ఓపిక పట్టు’ అని టీచరు ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు. పని ముగించినవాడు దిమ్మెలను తీసిన చోటే తిరిగి పెడతాడు, ఎందుకంటే తరువాత మరొకరు వాటిని వెతుక్కుంటారు. ఇతరుల చాపను తొక్కకుండా చుట్టూ తిరిగి నడుస్తారు. ఐదేళ్ల పిల్ల మూడేళ్ల వాడికి గుండీ పెట్టడం చూపిస్తుంది. చూపిస్తున్నకొద్దీ తనకూ ఆ పని మరింత బాగా పట్టుబడుతుంది. గుండీకి పంజాబీ, తెలుగు భేదం లేదు. ఇళ్లలో వేరువేరు భాషలు మాట్లాడే పిల్లలు కలిసే ద్వారక వంటి చోట ఇది చిన్న విషయం కాదు.

మన దేశంలో పండిన ఆలోచన

మరియా మాంటిస్సోరి రాకముందే ఆమె పద్ధతి మన దేశానికి వచ్చింది. 1920లో గిజుభాయి బధేకా భావనగర్‌లో బాలమందిరం స్థాపించారు. 1931 అక్టోబరులో లండన్‌లో గాంధీజీ ఆమెను కలుసుకున్నారు.

దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై 1939లో ఆమె కుమారుడు మారియోతో కలిసి మద్రాసులోని అడయారుకు వచ్చారు. అప్పటికి ఆమె వయసు 69 ఏళ్లు. సుమారు 300 మంది శిక్షణకు చేరారు. ఆమె ఇటాలియన్‌లో చెబుతుంటే మారియో ఆంగ్లంలోకి అనువదించేవారు. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగగానే బ్రిటిష్ ప్రభుత్వం మారియోను నిర్బంధించింది, ఆమె కదలికలపై ఆంక్షలు పెట్టింది. ఆగస్టు 31న, ఆమె 70వ జన్మదినాన, కుమారుణ్ణి విడిచిపెట్టారు. నెలల తరబడి బతకవలసిన ఊళ్లో ‘శత్రుదేశస్థురాలు’గా ముద్రపడిన ఆ వృద్ధురాలు కలిసి బతకడాన్ని గురించి చెప్పిన మాటలకు వేరే బరువు ఉంటుంది.

యుద్ధకాలంలో కొన్నాళ్లు కొడైకెనాల్‌లో పనిచేసి, తరువాత ఆమె అహమ్మదాబాద్‌లో ఉపన్యసించారు. వాటి ఆధారంగా ‘ది అబ్సార్బెంట్ మైండ్’ గ్రంథం 1949లో మద్రాసులో అచ్చయింది. పసివాళ్ల మధ్య ఎవరూ ఆజ్ఞాపించకుండానే ఏర్పడే ఐక్యతను గురించి అందులో ఆమె విశదంగా చర్చించారు. తన పని తాను చేసుకోగలిగిన పిల్లవాడే మరొకరికి నిజంగా తోడుపడగలడు అన్నది ఆ చర్చ సారాంశం. కిల్‌పాట్రిక్ ప్రశ్నకు పూర్తి జవాబు మన గడ్డమీదే అచ్చయిందన్నమాట.

సంపన్నులదేనా?

సామగ్రి ఖరీదైతే పేద పిల్లల సంగతి ఏమిటి? గిజుభాయి సహచరి తారాబాయి మోడక్ ఈ ప్రశ్నను మనసుకు పట్టించుకున్నారు. 1945లో మహారాష్ట్రలోని బోర్డీలో, 1957 నుండి కోస్‌బాడ్‌లో గ్రామీణ, ఆదివాసీ బాలల మధ్య పనిచేశారు. గవ్వలు, గింజలు, గులకరాళ్లనే బోధన సామగ్రి చేసుకున్నారు. బడిని పిల్లల ముంగిటికే తీసుకువెళ్లారు. ‘అంగన్‌వాడీ’ భావనకు ఇది ఒక ముఖ్యమైన మూలం. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ఆ పేరును దేశమంతటికీ పరిచయం చేసింది. నేటికీ అంగన్‌వాడీలో మూడు నుండి ఆరేళ్ల పిల్లలు ఒకే చోట కూర్చుంటారు.

తెలుగునాట విజయవాడలో డాక్టర్ కోటేశ్వరమ్మ 1955లో మాంటిస్సోరి పాఠశాల నెలకొల్పారు. 2017లో ఆమెకు పద్మశ్రీ లభించింది. ఢిల్లీలోని తెలుగు పిల్లల చదువు కోసం దుర్గాబాయి దేశ్‌ముఖ్ పూనికతో 1948లో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ ఏర్పడింది. అది మాంటిస్సోరి సంస్థ కాకపోయినా, వలస వచ్చినవారికి బడి ఎంత అవసరమో అది తెలియజేస్తుంది.

మీరు గమనించవలసినవి

మాంటిస్సోరి అన్న పేరును ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు. అందువల్ల బోర్డును కాక తరగతిని చూడండి. మూడేళ్ల వారిని, ఐదేళ్ల వారిని వేరువేరు గదుల్లో కూర్చోబెట్టారా? అందరికీ ఒకేసారి ఒకే కాగితం ఇచ్చి రంగులు వేయిస్తున్నారా? నీళ్లు ఒలికితే ఆయా పరుగెత్తుతున్నదా, లేక పిల్లవాడే గుడ్డ తెచ్చి తుడుస్తున్నాడా? ఖరీదైన సామగ్రి ఎంత ఉన్నా, ఒకరి కోసం ఒకరు ఆగే అవకాశం లేకపోతే అక్కడ లోపించింది సమాజమే.

ఇంట్లోనూ చేయదగినది ఉంది. భోజనాల వేళ పళ్లేలు వేసే పని మీ పాపకు అప్పగించండి. ఒకటి తక్కువైతే తొందరపడి మీరు అందించకండి. ఎవరికి పళ్లెం రాలేదో తానే చూసుకుంటుంది.