డిపో గేటు దగ్గర ఓటు

నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి ఎక్కే ఘాట్ రోడ్డు పేరు చెబితే ఇప్పుడు అందరికీ చలికాలపు మంచే గుర్తొస్తుంది. కూలి కోసం జరిగిన పోరాటాల చరిత్ర చదివినవాళ్లకు మాత్రం బాస్టియన్ గుర్తొస్తాడు. 1920ల మొదట్లో గూడెం డిప్యూటీ తహసీల్దారుగా ఉండి మన్యంలో రోడ్డు పనులు చేయించింది ఇతనే. గిరిజనులను బలవంతంగా పనిలోకి దించడం, కూలి సరిగా ఇవ్వకపోవడం అతని పద్ధతి. తరువాత తిరుగుబాటులో చేరిన గాం గంటందొర, మల్లుదొర సోదరులకు అతనితో వైరం ముదిరింది. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లను ముట్టడించినప్పుడు ఆయన వెంట నడిచినవాళ్ల కడుపుమంటలో ఈ ఎగ్గొట్టిన కూలి కూడా ఉంది.

అప్పట్లో ఆ కొండల్లో నాయకత్వానికి రెండే దారులు. ఒకటి కొండ ఊళ్ల గుంపుకు పెద్ద అయిన ముఠాదారు ఇంట్లో పుట్టడం. రెండోది, సీతారామరాజులాగా బయటి నుంచి వచ్చి జనం నమ్మకం సంపాదించడం. కూలీలు తమలోంచి ఒకరిని చేతులెత్తి ఎన్నుకోవడమన్నది అక్కడ ఎవరి ఊహకూ రాలేదు. జైలు శిక్ష అనుభవించి వచ్చిన మల్లుదొర 1952లో విశాఖపట్నం ద్విసభ్య స్థానం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. దేశంలో అందరికీ ఓటు వచ్చిన తొలి ఎన్నికలు అవి. పార్లమెంటుకు మనిషిని పంపే హక్కు కూలివాడికి ఆ రోజే వచ్చింది. తన పనిచోట తన సంఘం ఏదో బ్యాలెట్ మీద తేల్చుకునే అవకాశం మాత్రం అతనికి ఇంకా చాలా ఏళ్లు దూరంలో ఉంది. ఈ ఆలస్యం ఎందుకు జరిగిందన్నదే ఈ వ్యాసంలో నేను చూడదలచిన విషయం.

మన్యం తిరుగుబాటు నాటికి విశాఖ జిల్లా మద్రాసు రాజధానిలో భాగం. 1918 ఏప్రిల్ 27న మద్రాసులో బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల కార్మికులతో మద్రాస్ లేబర్ యూనియన్ ఏర్పడింది. దాని అధ్యక్షుడు బి.పి. వాడియా మిల్లులో ఏ రోజూ మగ్గం పట్టినవాడు కాదు. అనీబిసెంట్ అనుచరుడు, దివ్యజ్ఞాన సమాజం మనిషి. ఆ మిల్లుల యజమాని అయిన బిన్నీ కంపెనీ ఆయన మీద హైకోర్టుకెక్కి నిషేధపుటుత్తర్వు తెచ్చింది. కూలివాళ్ల తరఫున మాట్లాడితే నష్టపరిహారం కట్టాల్సి వస్తుందన్న భయం దేశమంతా పాకింది. ఆ భయాన్ని పోగొట్టే చట్టం కావాలన్న ఒత్తిడి పెరిగి 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. 1927 జూన్ 1 నుంచి అమలైంది.

ఆ చట్టంలో ఒక నిబంధన నన్ను ఎప్పుడూ ఆపుతుంది. సంఘం కార్యవర్గంలో కనీసం సగం మంది ఆ పరిశ్రమలో పనిచేసేవాళ్లై ఉండాలి అంది. అంటే తక్కిన సగం బయటివాళ్లైనా పరవాలేదన్న మాట. నాయకులను ఎలా నియమించాలో, ఎలా తొలగించాలో సంఘం తన నియమావళిలో రాసుకోవాలి అంది. ఎన్నికే జరగాలని మాత్రం అనలేదు. యజమాని ఏ సంఘంతో మాట్లాడాలన్నదీ చెప్పలేదు. 1947లో గుర్తింపును తప్పనిసరి చేస్తూ సవరణ చేశారు గానీ దాన్ని ఎన్నడూ అమల్లోకి తేలేదు.

బయటివాడు నాయకుడవడం తప్పేమీ కాదు. ఆ తరానికి వేరే మార్గం లేదు కూడా. సంఘం పెట్టిన కార్మికుడికి మర్నాడు పని ఉండేది కాదు. ప్లీడరుకు ఆ భయం లేదు. వరాహగిరి వెంకటగిరి బరంపురం నుంచి వచ్చిన ప్లీడరే. వాల్తేరు దాకా సాగిన బెంగాల్ నాగపూర్ రైల్వేలో కార్మికులను కూడగట్టి, 1927 సమ్మెల కాలంలో వాళ్ల పక్షాన నిలిచాడు. ఏఐటీయూసీ అనే అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడయ్యాడు. 1937లో మద్రాసు శాసనసభ ఎన్నికల్లో బొబ్బిలి రాజాను ఓడించి కార్మిక మంత్రి అయ్యాడు. తగాదాలను ట్రిబ్యునళ్లకు వదిలెయ్యకుండా యజమాని, కార్మికుడు ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలన్నది ఆయన వాదం. కేంద్ర కార్మిక మంత్రిగా ఉంటూ 1954లో బ్యాంకు అవార్డు వివాదంలో రాజీనామా చేశాడు. ఎదురెదురుగా కూర్చోవాలంటే ఇటువైపు కూర్చునేదెవరో ముందు తేలాలి. ఆయన వాదంలో నాకు కనిపించే వెలితి అదే. తేల్చే పద్ధతి అప్పటికి కుదరలేదు.

1958 నాటి క్రమశిక్షణా నియమావళి ఒక పద్ధతి చెప్పింది. ఎక్కువ సభ్యత్వం ఉన్న సంఘానికే గుర్తింపు. సభ్యత్వాన్ని రసీదు పుస్తకాలు, రిజిస్టర్లు చూసి లెక్కగట్టాలి. ఒకే మనిషి రెండు మూడు సంఘాలకు చందా కట్టడం, పుస్తకాల్లో లేని పేర్లు చేరడం అందరికీ తెలిసిన వ్యవహారమే. రహస్య ఓటు కావాలని ఏఐటీయూసీ, ఆ తరువాత సీఐటీయూ పట్టుబట్టాయి. పుస్తకాల తనిఖీయే చాలని ఐఎన్‌టీయూసీ వాదించింది. దశాబ్దాల పాటు ఈ పేచీ తెగలేదు.

తెలుగునాట దీన్ని తెంచిన చోట్లు కొన్ని ఉన్నాయి. వాటిలో ఆర్టీసీ ముఖ్యమైనది. 1932లో నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖగా 27 బస్సులతో మొదలైన సంస్థ 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్‌టీసీ అయింది. నర్సీపట్నం డిపో ఆ సంస్థలో ఒక చిన్న ముక్క. మైదానం బస్సులు, ఏజెన్సీ ఎక్కే బస్సులు రెండూ అక్కణ్ణుంచే కదులుతాయి. కార్మిక శాఖ ఆధ్వర్యంలో జరిగే గుర్తింపు ఎన్నికల్లో ప్రతి డ్రైవరు, కండక్టరు, గ్యారేజీ మెకానిక్కుకు రెండు ఓట్లు ఉండేవి. ఒకటి రాష్ట్రస్థాయి గుర్తింపుకు, మరొకటి రీజియన్ స్థాయి గుర్తింపుకు. ఎంప్లాయీస్ యూనియన్, నేషనల్ మజ్దూర్ యూనియన్ అన్న రెండు పేర్ల చుట్టూ ఏళ్ల తరబడి ఆ పోటీ తిరిగింది. 2012 డిసెంబరులో ఎంప్లాయీస్ యూనియన్ తెలంగాణ మజ్దూర్ యూనియన్‌తో కలిసి గెలిచింది.

అక్కడ ఓటు మనిషికి కాదు, సంఘానికి. డిపో సెక్రటరీని ఎన్నుకునేది సంఘం సభ్యుల జనరల్ బాడీ. అయినా ఓటు వేసే కార్మికుడు చూసేది ఆ డిపో సెక్రటరీ మొహమే. రాష్ట్ర నాయకుణ్ణి అతను గోడమీది పోస్టరులో చూస్తాడు. సెక్రటరీని రోజూ చూస్తాడు. డ్యూటీ చార్టులో అన్యాయం జరిగితే, సెలవు దొరక్కపోతే, టికెట్టు తేడా వచ్చి కండక్టరుకు చార్జిషీటు చేతికొస్తే మొదట వెళ్లేది అతని దగ్గరికే. ఆ చార్జిషీటుకు జవాబు రాయడం, విచారణలో పక్కన కూర్చోవడం, డిపో మేనేజరు గదిలో గొంతు పెంచాల్సినప్పుడు పెంచి తగ్గాల్సినప్పుడు తగ్గడం తెలిసినవాడే ఆ కుర్చీలో నిలుస్తాడు.

ఇలాంటి డిపోలో పోటీ చెయ్యదలచినవాడికి సభలు పెట్టి ఉపన్యాసాలు ఇస్తే సరిపోదు. అందరూ ఒకే వేళకు ఒకేచోట ఉండే ఉద్యోగం కాదిది. మొదటి బస్సులు తెల్లవారకముందే గేటు దాటుతాయి. కొండ ఊళ్లకు నైట్ హాల్టు వెళ్లిన సిబ్బంది మర్నాటికి గానీ రారు. గ్యారేజీ షిఫ్టులు వేరు, కండక్టర్లు డబ్బు కట్టే వేళ వేరు. అందుకే గేటు మీటింగు అన్నది పుట్టింది: డ్యూటీ దిగేవాడు, ఎక్కేవాడు కలిసే ఆ కాసేపట్లో చెప్పదలచింది చెప్పెయ్యాలి. హాల్టు బస్సు సిబ్బందిని విడిగా కలిసి మాట్లాడేవాడికీ, గేటు దగ్గర మైకు పట్టుకుని ఊరుకునేవాడికీ ఓట్ల దగ్గర తేడా తెలుస్తుంది. ఆర్టీసీ ఉద్యోగుల పొదుపు, పరపతి సహకార సంఘమైన సీసీఎస్‌కు ప్రతినిధులను కూడా డిపోల వారీగానే ఎన్నుకునేవారు. చాలామంది నాయకుల తొలి మెట్టు అదే.

సింగరేణి బొగ్గు గనుల్లో ఈ పద్ధతి ఇంకా పెద్ద ఎత్తున సాగింది. రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు ఎన్నికలు అక్కడ 1998లో మొదలయ్యాయి. 1998, 2001ల్లో ఏఐటీయూసీ, 2003లో ఐఎన్‌టీయూసీ, 2007లో మళ్లీ ఏఐటీయూసీ, 2012, 2017ల్లో తెలంగాణ బొగ్గుగని కార్మిక సంఘం గెలిచాయి. 2023 డిసెంబరు 27న ఏఐటీయూసీ 1,999 ఓట్ల ఆధిక్యంతో తిరిగి వచ్చింది. అదే ఎన్నికల్లో 11 ఏరియాల్లో ఆరింటిని ఐఎన్‌టీయూసీ గెలుచుకుంది. మొత్తం కంపెనీకి ఒక సంఘం, తన ఏరియాకు మరో సంఘం కావాలని గని కార్మికుడు విడదీసి చెప్పగలిగాడు. స్థానిక నాయకత్వానికి విడిగా విలువ కట్టడమంటే ఇదే.

2001లో కేంద్రం ట్రేడ్ యూనియన్ల చట్టాన్ని సవరించింది. కార్యవర్గాన్ని ఎన్నుకోవాలి, దాని గడువు మూడేళ్లకు మించకూడదు అన్న మాట అప్పుడు గానీ చట్టంలోకి రాలేదు. 75 ఏళ్లు పట్టింది! బయటివాళ్ల వాటాను మూడోవంతుకు లేదా ఐదుగురికి, ఏది తక్కువైతే దానికి కుదించారు. మంత్రులు సంఘాల కార్యవర్గంలో ఉండకూడదన్నారు. మంచి సవరణే. అయితే గుర్తింపు సంగతి అప్పుడూ ముట్టుకోలేదు. అందువల్ల ఆర్టీసీలో ఓటు ఆచారంగానే మిగిలింది. ఆచారం మీద నిలబడ్డ హక్కును ఆపడం ఎంత తేలికో తరువాతి కాలం చూపించింది.

తెలంగాణలో 2019 అక్టోబరు 5న మొదలైన ఆర్టీసీ సమ్మె 52 రోజులు నడిచి ఆగిపోయింది. ఆ వెంటనే ప్రభుత్వం సంఘాల స్థానంలో సంక్షేమ కమిటీలు తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో కథ వేరేలా నడిచింది. కార్మికులు ఏళ్లుగా అడుగుతున్న, ప్రభుత్వంలో విలీనం 2020 జనవరి 1న నెరవేరి, యాభై వేలకు పైగా ఉద్యోగులు ప్రజా రవాణా శాఖ కింద ప్రభుత్వోద్యోగులయ్యారు. జీతం ట్రెజరీ నుంచి వస్తుంది, సంస్థ నష్టాల భయం లేదు. ఆ లాభాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ప్రభుత్వోద్యోగుల సంఘాలకు గుర్తింపు కార్మికుల బ్యాలెట్‌తో రాదు. సర్వీసు సంఘాల నిబంధనల ప్రకారం ప్రభుత్వమే ఇస్తుంది. నర్సీపట్నం డిపో కండక్టరు ఉద్యోగ భద్రత గెలుచుకున్నాడు. తన తరఫున ఎవరు మాట్లాడాలో బ్యాలెట్ మీద చెప్పే అవకాశం పోగొట్టుకున్నాడు. రెండూ ఒకే సంతకంతో జరిగాయి.

తప్పు ప్రభుత్వాలదే అని ఊరుకోవడానికీ లేదు. చాలా సంఘాల మహాసభల్లో కొత్త కార్యవర్గం ప్యానెల్‌గా ముందే తయారై వస్తుంది, ఒకరు ప్రతిపాదిస్తారు, ఒకరు బలపరుస్తారు, చప్పట్లతో ఏకగ్రీవం. ఐక్యత కోసమే అంటారు. శత్రువు ఎదుట నిలబడ్డప్పుడు ఆ మాటలో నిజముంది. ఏళ్ల తరబడి అదే పద్ధతైతే, పోటీ చేస్తానన్నవాడు ద్రోహిలా కనిపించడం మొదలవుతుంది. లోపల పోటీని సహించని సంఘం, బయట ఎన్నికలు పెట్టమని యాజమాన్యాన్ని గట్టిగా అడగలేదు.

దీనికి భిన్నమైన ఉదాహరణా ఉంది. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజుల పాటు అంగన్‌వాడీలు ఆంధ్రప్రదేశ్ అంతటా సమ్మె చేశారు. ప్రభుత్వం అత్యవసర సేవల చట్టమైన ఎస్మా ప్రయోగించినా వెనక్కి తగ్గలేదు. వాళ్లకు వచ్చేది గౌరవ వేతనం. గుర్తింపు ఎన్నిక వాళ్లకు లేదు, అయినా సెక్టారు నుంచి ప్రాజెక్టుకు, ప్రాజెక్టు నుంచి జిల్లాకు నాయకత్వం వాళ్లలోంచే పైకి వచ్చింది. ఎస్మా ఉత్తర్వు చూసి కూడా శిబిరం వదలని ఆ ఆడవాళ్లను ప్లీడర్లో పార్టీ నాయకులో వచ్చి నడిపించాల్సిన అవసరం రాలేదు.

2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. మస్టర్ రోలులోని కార్మికుల్లో 51 శాతం మద్దతున్న సంఘమే సంప్రదింపుల సంఘం అవుతుందని, ఎవరికీ అంత బలం లేకపోతే 20 శాతానికి ఒక ప్రతినిధి చొప్పున మండలి ఏర్పడుతుందని అందులో ఉంది. గుర్తింపు చివరికి చట్టంలో చేరింది. ఇక లెక్క అంతా మస్టర్ రోలు దగ్గర తేలుతుంది. మునిసిపాలిటీల్లో తెల్లారేసరికి వీధులు ఊడ్చే వాళ్లలో చాలామంది ఔట్‌సోర్సింగ్ జాబితాల్లోనే ఉన్నారు. వాళ్ల పేర్లు ఎవరి రోలులో చేరుస్తారు, ఆ పేర్లకు ఎక్కడ ఓటు ఇస్తారు అన్నది నిబంధనలు రాసేవాళ్లు స్పష్టంగా చెప్పాలి. పనిచేసే చోటే, ఆ పని చేయించుకునే సంస్థలోనే ఇవ్వాలని సంఘాలు ఇప్పుడే అడగాలి.