రాగిరేకుల మీద లేని వరుస

పాట చూసి నేర్చుకోవడం మేలా, విని నేర్చుకోవడం మేలా అన్న మాట మా ఇంట్లో తరచూ వస్తుంటుంది. మా పాప సంగీతం క్లాసులో స్వరాలు పుస్తకంలో రాసుకుంటుంది. మా అత్తమ్మకు యాభై మంగళహారతులు నోటికొచ్చు, ఒక్కటీ ఎక్కడా రాసిలేదు. ఈ ప్రశ్నకు మా కడప సీమ చరిత్రలోనే ఒక జవాబుంది.

తాళ్ళపాక అన్నమయ్య (1408–1503) 32 వేల సంకీర్తనలు చెప్పాడంటారు. వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో దాచారు. గత శతాబ్దంలో అవి మళ్ళీ వెలుగు చూశాయి. పన్నెండు వేలకు పైగా పాటలు మనకు దక్కాయి. ప్రతి పాటకూ రాగం పేరుంది, స్వరం మాత్రం లేదు. అప్పట్లో ఆ అవసరం తోచి ఉండదు. పాడేవాళ్ళు కళ్ళెదుటే ఉన్నారు కదా! నడుమ ఆ పాడేవాళ్ళ వరుస తెగిపోయింది. ఒకే రాగంలో వంద పాటలుంటాయి, పేరు చూసి అసలు పాట ఎలా పట్టుకుంటాం? అందుకే నేడు మనం వినే అన్నమయ్య పాటలకు ఎక్కువగా రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు కట్టిన బాణీలే.

త్యాగరాజు (1767–1847) పాటలకు ఆ గతి పట్టలేదు. శిష్యులు విని నేర్చి, తమ శిష్యులకు నేర్పారు. 1904లో సుబ్బరామ దీక్షితులు ఎట్టయాపురం నుంచి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని తెలుగు లిపిలో అచ్చువేయించి, ముత్తుస్వామి దీక్షితుల కృతులెన్నింటినో స్వరాలతో సహా ఇచ్చారు. గమకాలకూ గుర్తులు పెట్టారు. అయినా ఆ గుర్తు దగ్గర గొంతు ఎంత ఊగాలో గురువు పాడి వినిపిస్తేనే తెలుస్తుంది.

మన ఊళ్ళలో భజన పుస్తకాలు చూడండి. పాట పైన 'ఫలానా సినిమా పాట వరుస' అని ఉంటుంది. రాగిరేకు మీద రాగం పేరూ ఇలాంటిదే. ఆ సినిమా పాట తెలిసినవాళ్ళు ఉన్నన్నాళ్ళే దానికి అర్థం.

కాబట్టి రాతా కావాలి, చెవీ కావాలి. మా అత్తమ్మ హారతుల మాటలు నోటుబుక్కులో ఎక్కిస్తున్నాను, గొంతు ఫోనులో పట్టుకుంటున్నాను. అంతకన్నా ముఖ్యంగా, శుక్రవారం హారతి వేళ పాపను పక్కన నిలబెట్టి పాడిస్తున్నాం. మీ ఇంట్లోనూ పెద్దవాళ్ళు పాడుతున్నప్పుడే ఆ పని మొదలుపెట్టండి.